పిచ్చిగీతల్లో తోటమాలి పుస్తకం

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. టైపక్క అంటే టైపక్కే. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్క అనే అనేవారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇంటి ముందు గదిలో కంప్యూటరు పెట్టుకుని, మన అక్షరాల్లో ఎవరికి ఏం కావాలన్నా టైపు చేసి పెట్టేది. దరఖాస్తులు, బడి ప్రశ్నపత్రాలు, సంఘాల నియమావళులు, ఎవరూ అచ్చు వేయని కవితలు, అన్నీ ఆ గదిలోంచే బయటికి వెళ్ళేవి. కీబోర్డు మీద అక్షరాలు ఏనాడో అరిగిపోయాయి. అరిగిపోయాయన్న సంగతి కూడా ఆమె గమనించలేదు, ఎందుకంటే కిందికి చూసి టైపు చేసే అలవాటే లేదు. ఎదుటి మనిషి చెబుతుంటే, ఆయన మాట పూర్తయ్యేలోపే తెర మీద పడేది.

ఆమెకు ఒకే ఒక నియమం ఉండేది. వాళ్ళు రాసింది వాళ్ళది. అక్షర దోషం ఉంటే అడిగి దిద్దేది. మాట మార్చేది కాదు. "అక్కా, ఇక్కడ నీకు తోచింది ఏదైనా కలుపు" అంటే, "నాకు తోచింది నా పుస్తకంలో రాసుకుంటాలే" అని నవ్వేసేది.

అలాంటి మనిషికి ఒక ఉదయం, ప్రశ్నపత్రం సగంలో ఉండగా, టేబులు కింద నుంచి టప్‌మని చప్పుడు వినిపించింది. వైరు కాలిన వాసన వచ్చింది. తెర నల్లబడింది. అంతే.

కంప్యూటర్ల షాపు మేస్త్రి వచ్చి పెట్టె విప్పి చూసి, పెదవి విరిచాడు. "బోర్డు పోయింది మేడం. ఇలాంటి బోర్డు ఇప్పుడు ఎక్కడా దొరకదు. మీ ఫైళ్ళు మాత్రం భద్రంగా ఉన్నాయి, కొత్తదానిలోకి ఎక్కించేస్తాను." ఫైళ్ళు భద్రం అన్నాడు కదా, ఆమె గుండె కుదుటపడింది. కొత్త కంప్యూటరు వచ్చింది. పలకలా పల్చగా, చూడముచ్చటగానే ఉంది.

ఇక అక్కడి నుంచి మొదలైంది ఆమె అవస్థ.

ముందు అది ఖాతా తెరవమంది. తన ఇంట్లో, తన టేబులు మీద, తను కొనుక్కున్న వస్తువుకు తను ఎవరో ఎందుకు చెప్పుకోవాలో ఆమెకు అర్థం కాలేదు. సరే, చెప్పింది. పాస్‌వర్డ్ పెట్టమంటే పెట్టింది.

"బలహీనంగా ఉందంటోందండీ పాస్‌వర్డు," అంది భర్తతో.

ఆయన ముప్పై రెండేళ్ళు బస్సు నడిపి రిటైరైన డ్రైవరు. పేపరు మీద నుంచి తల ఎత్తకుండానే, "బలహీనంగా ఉంటే కాస్త తిండి పెట్టవే," అన్నాడు.

పెద్ద అక్షరం కావాలంది, అంకె కావాలంది, గుర్తు కావాలంది. అన్నీ పెట్టాక, మీరు మనిషేనని నిరూపించుకోండి అంది. తొమ్మిది బొమ్మలు చూపించి, వాటిలో బస్సులున్నవి ఎంచమంది. ఆ మాట వినగానే డ్రైవరు పేపరు పక్కన పడేసి లేచొచ్చాడు.

"జరుగు, ఇది నా పని. ఇదొకటి, ఇదొకటి... ఇది కాదు."

"అదీ బస్సులాగే ఉంది కదండీ."

"బస్సేమిటే! అది మినీ వ్యాను. టైర్లు చూడు. ముప్పై రెండేళ్ళు నడిపినవాణ్ణి, నాకు తెలీదా?"

అది వ్యాను అని కంప్యూటరు ఒప్పుకోలేదు. మూడుసార్లు మొండికేసింది. నాలుగోసారి టైపక్క ఆయన చెయ్యి పక్కకు నెట్టి, ఆ వ్యానును బస్సు కింద జమకట్టి, మనిషి అనిపించుకుంది. డ్రైవరు మధ్యాహ్నం వరకూ మొహం మాడ్చుకుని తిరిగాడు.

తర్వాత ప్రింటరు. చెయ్యి చాపితే తగిలే దూరంలో, అదే టేబులు మీద, పచ్చ దీపం వెలిగించుకుని కూర్చుంది. 'ప్రింటరు కనబడుట లేదు' అని కంప్యూటరు. "కళ్ళెదురుగా పెట్టుకుని కనబడదంటావేం?" అని ఆమె తెరతో పోట్లాడింది. పని మధ్యలో ఉండగా, మేము కొన్ని మార్పులు చేస్తున్నాము, దయచేసి ఆపవద్దు అంటూ తెరంతా నీలం రంగు పులుముకుని గంటంపావు కూర్చునేది. అన్నిటికీ మించి కొత్త మీటల వరుస. క ఉండాల్సిన చోట ఇంకేదో, గుడి ఉండాల్సిన చోట ఇంకేదో. ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమె కిందికి చూసి టైపు చేసింది. ఒక పేజీ దరఖాస్తుకు పూట పట్టింది. పనికోసం వచ్చినవాళ్ళు కుర్చీలో అటూ ఇటూ కదులుతుంటే ఆమె చెవులు వేడెక్కేవి. వాళ్ళు ఏమీ అనలేదు. ఏమైనా అన్నా బాగుండేదనిపించింది ఆమెకు.

అలా రెండు వారాలు గడిచాక తోటమ్మ వచ్చింది.

తోటమ్మ ఊరి చివర మొక్కల నర్సరీ నడిపే ఆవిడ. అరవై అయిదేళ్ళు ఉంటాయి. ఆవిడ భర్త చెట్లకు అంట్లు కట్టడంలో చెయ్యి తిరిగిన తోటమాలి. పదకొండేళ్ళ కిందట ఆయన తన విద్యంతా నాలుగు నోటుపుస్తకాల్లో రాసి తెచ్చి టైపక్కతో టైపు చేయించుకున్నాడు. అచ్చు వేయిద్దాం, వేయిద్దాం అంటూనే కాలం చేశాడు.

"టైపమ్మా, ఆ నోటుపుస్తకాలు చెదలు తినేశాయి," అంది తోటమ్మ కుర్చీ అంచున కూర్చుంటూ. "ఇప్పుడు నా దగ్గర నలుగురు ఆడవాళ్ళు పని నేర్చుకుంటున్నారు. నాకు చేసి చూపించడం వచ్చు గానీ చెప్పడం రాదు. ఆయన రాసింది ఉంటే వాళ్ళ చేతికి ఇస్తాను. నీ దగ్గర ఉండే ఉంటుంది కదూ?"

"ఎందుకుండదు తోటమ్మ గారూ? ఇక్కడ చేసిన ఒక్క పేజీ కూడా నేను పారెయ్యలేదు," అంది టైపక్క. చాలా రోజుల తర్వాత ఆమె గొంతులో పాత ధీమా పలికింది. వెతికింది. ఫైలు కనబడింది. నూట నలభై మూడు పేజీలు. తోటమ్మకు కూడా కనిపించేలా తెరను పక్కకు తిప్పి మరీ తెరిచింది.

తెర నిండా పిచ్చిగీతలు. ఇంగ్లీషు అక్షరాలు, కొన్నిటి నెత్తిన టోపీలు, మధ్యలో డాలరు గుర్తు, ప్రశ్నార్థకం, మళ్ళీ రెండు అక్షరాలు, ఒక బ్రాకెట్టు. పైనుంచి కింది దాకా అదే.

"ఇదేమిటమ్మా?" అంది తోటమ్మ మెల్లగా.

టైపక్క ఆ ఫైలు మూసేసింది. ఇంకో ఫైలు తెరిచింది. ఇంకొకటి. ఇరవై తొమ్మిదేళ్ళ పని, ప్రతి పేజీ, అలాగే ఉంది.

"కొంచెం టైమివ్వండి, చూసి చెబుతాను," అనగలిగింది చివరికి. తోటమ్మ సరేనని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి, "నువ్వు కంగారు పడకు," అని చెప్పి మరీ వెళ్ళింది. ఆ ఓదార్పు ఆమెను ఇంకా కుంగదీసింది.

షాపు మేస్త్రిని పిలిస్తే సంగతి తేలింది. పాత ప్రోగ్రాంకు ఒక తాళం ఉండేది. అగ్గిపెట్టెంత ముక్క, పాత కంప్యూటరు వెనకాల వెడల్పాటి రంధ్రంలో గుచ్చితేనే ప్రోగ్రాం తెరుచుకునేది. ఆమె ఆ ముక్కను సొరుగులోంచి తీసి ఇచ్చింది. మేస్త్రి కొత్త కంప్యూటరును నాలుగు వైపులా తిప్పి చూపించాడు.

"దీనికి ఆ రంధ్రమే లేదు మేడం. మన అక్షరాలు కూడా ఆ ప్రోగ్రాం పొట్టలోనే ఉన్నాయి. అది తెరుచుకోకపోతే అవీ రావు."

"ఆ కంపెనీ వాళ్ళను అడిగితే?"

"ఎప్పుడో మూసేశారు." అతను కాస్త నీళ్ళు నమిలి, "పాత డేటా మేడం, ఎవరికి కావాలి? తీసేస్తే కొత్తదానిలో చోటు కూడా మిగులుతుంది," అన్నాడు. చెడ్డవాడేం కాదు. తనకు తోచిన మంచి మాటే చెప్పాడు. అయినా ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

డ్రైవరు ఆ రంధ్రం ఉన్న పాత పెట్టె కోసం ఊరంతా గాలించాడు. ఒక ఆఫీసు మెట్ల కింద ఒకటి దొరికింది గానీ, లోపల ఎలుకలు వైర్లన్నీ కొరికేశాయి. పాత అక్షరాలను కొత్త అక్షరాలుగా మార్చిపెట్టే సైటు ఒకటుందని తెలిసి ఆమె అదీ చూసింది. పద్నాలుగు రకాల ప్రోగ్రాముల పేర్లున్నాయి. ఆమెది లేదు. ఏదో ఒకటని నొక్కితే, పిచ్చిగీతలు పోయి పిచ్చిమాటలు వచ్చాయి.

మర్నాడు పొద్దున్నే ఆమె కుర్చీలో కూలబడి ఆ ఫైలునే చూస్తూ కూర్చుంది. చదవడానికేం లేదు, ఊరికే పేజీలు కిందికి జరుపుతోంది. ఒక చోట ఆగింది. ఇరవై దాకా గుర్తుల గుంపు ఒకటి, ముందు కూడా ఎక్కడో చూసినట్టుంది. వెనక్కి వెళ్ళింది. ఉంది. ప్రతి అధ్యాయం మొదట్లోనూ అదే వరుస.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ తోటమాలి ప్రతి అధ్యాయాన్నీ ఒకే మాటతో మొదలుపెట్టేవాడు. 'ముందు చేతులు కడుక్కోండి.' ఇన్నిసార్లు ఎందుకండీ అని ఆమె విసుక్కుంటే, "కడుక్కోరమ్మా జనం, అందుకు," అన్నాడాయన.

ఆమె ఆ గుర్తుల వైపు చూస్తూ, టేబులు మీద వేళ్ళు కదిపింది. ఆ మీట, ఈ మీట, షిఫ్టుతో ఈ మీట. పాత ప్రోగ్రాంలో అక్షరాలు ముక్కలు ముక్కలుగా ఉండేవి. తలకట్టుకు ఒక మీట, కొమ్ముకు ఒక మీట, ఒత్తుకు ఒక మీట. తెర మీద ఇప్పుడు కనబడుతున్నవి పిచ్చిగీతలు కావు. ఆ రోజు తన వేళ్ళు ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాయో, ఆ వరుస! కళ్ళకు తెలియకపోతే పోయింది, వేళ్ళకు తెలుసు. టోపీ పెట్టుకున్న అక్షరాలు నంబర్లు కొట్టి రప్పించే అరుదైన ఒత్తులు. ఆ నంబర్లన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

"ఏవండీ!" అని కేకేసింది. డ్రైవరు గడ్డం సబ్బుతోనే పరిగెత్తుకొచ్చాడు. "కూర్చోండి. నేను చదువుతాను, వినండి." అని తెర మీదికి చూస్తూ, వేళ్ళు ఆడిస్తూ, మెల్లమెల్లగా చదివింది. "ముందు... చేతులు... కడుక్కోండి. కత్తి... మొద్దుగా ఉంటే... పని... మొదలు... పెట్టవద్దు."

ఆయన తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "ఇందులో అలా ఉందా?" అన్నాడు.

"ఉంది."

"నాకు డాలర్లు కనబడుతున్నాయే."

"అది డాలరు కాదండీ, సున్నా."

చదవడం తెలిసింది గానీ, దాన్ని మళ్ళీ టైపు చేయడం ఎలా? పాత మీటలతో చదువుతూ కొత్త మీటలతో టైపు చెయ్యబోతే రెండూ కలగాపులగమైపోయాయి. ఒక్క పేరాకే తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు దారి చూపించింది డ్రైవరే. ఆయన జన్మలో ఫోనులో ఒక్క అక్షరం టైపు చేసి ఎరగడు. ఏం వెతకాలన్నా ఫోను నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా అరుస్తాడు, అది రాసుకుంటుంది. "దీనికి మాత్రం చెవులుండవా?" అన్నాడు కంప్యూటరును చూపించి. సగం పూట వెతికితే ఉన్నాయని తేలింది. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే, తెర మీద మన అక్షరాలు పడుతున్నాయి.

తోటమ్మకు కబురు పంపితే, మర్నాడు ఉదయం నర్సరీలో నీళ్ళు పెట్టేసి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. టైపక్క కరెంటు కనెక్షనే లేని పాత కీబోర్డును ఒళ్ళో పెట్టుకుని, ఆ మీటల మీద వేళ్ళు నడుపుతూ చదవడం మొదలుపెట్టింది.

"అంటు కట్టే ముందు వేరు మొక్కకు నీళ్ళు పెట్టాలి."

కంప్యూటరు రాసింది: 'ఆంటీ కట్టే ముందు వేరే మొక్కకు నీళ్ళు పెట్టాలి.'

తోటమ్మ ఫక్కున నవ్వింది. "ఆంటీని ఎందుకు కడతారమ్మా, పాపం!" టైపక్క కూడా నవ్వింది. ఈ కంప్యూటరు ఇంటికొచ్చాక ఆ గదిలో వినబడిన మొదటి నవ్వు అది.

అలా అయిదు వారాలు. రోజుకు నాలుగైదు పేజీలు. కంప్యూటరు కొమ్మను బొమ్మ అంది, బెరడును బరువు అంది. దిద్దుకుంటూ పోయారు. ఏది తప్పో తోటమ్మకు వెంటనే తెలిసిపోయేది. చదువు కూడబలుక్కునేంతే అయినా, పని వచ్చు కదా ఆవిడకు. కొన్నిచోట్ల టైపక్క చదువుతుంటే ఆవిడ కళ్ళు మూసుకుని వినేది. "ఇలాగే అనేవారు," అని ఒక్కసారి అంది.

తొంభై ఏడో పేజీ దగ్గర చిక్కొచ్చింది.

టైపక్క చదివింది. "అంటుకు కట్టే పట్టీని ఎప్పుడూ కింద నుంచి పైకి చుట్టాలి. ఇంటి పెంకుల్లాగా పై చుట్టు కింది చుట్టు మీదికి రావాలి. అప్పుడు వాన నీరు లోపలికి దిగదు. ఈ కిటుకు నేను ఒక వానాకాలం కనిపెట్టాను."

తోటమ్మ కళ్ళు తెరిచింది. "మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది.

"ఆయన కాదు," అంది తోటమ్మ. గొంతు పెంచలేదు. "కనిపెట్టింది నేను. ఆయన పైనుంచి కిందికే చుట్టేవారు. ఆ ఏడాది వానలకు రెండొందల అంట్లు కుళ్ళిపోయాయి. నేను కింద నుంచి చుట్టినవి నలభై, అన్నీ బతికాయి. నేర్పింది కూడా నేనే ఆయనకు."

గుమ్మం దగ్గర డ్రైవరు చెప్పులు వేసుకోబోతున్నవాడల్లా ఆగిపోయాడు. మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. తోటమ్మ అన్నదంతా తోటమాలి వాక్యం వెనకాలే, కామాలు చుక్కలు లేకుండా, తెర మీద వరుసగా పడిపోయింది.

"అది దిద్దు టైపమ్మా."

టైపక్క ఒళ్ళోని కీబోర్డు మీద చేతులు పెట్టి కూర్చుంది. "అక్షరం తప్పయితే దిద్దుతాను. ఇది ఆయన మాట. రాసినాయన లేరు, అడగడానికి వీల్లేదు. మార్చడానికి నాకు చెయ్యి రావట్లేదండీ."

"మరి నేనున్నాను కదా?"

ఆ మాట టైపక్కకు తగలాల్సిన చోట తగిలింది. ఇన్నేళ్ళుగా ఎందరి రాతలు తన చేతుల మీదుగా వెళ్ళాయి! ఆ రాతల పక్కన ఎవరెవరు నోరు మూసుకుని కూర్చున్నారో తను ఏనాడూ అడగలేదు. అయినా నియమం నియమమే. కాసేపు ఆలోచించి అంది: "ఆయనది ఆయనదిగానే ఉంచుదాం. దాని కింద మీ మాట పెడదాం. మీ పేరుతోనే."

"నాకు రాయడం ఎక్కడొచ్చమ్మా?"

"రాయక్కర్లేదు. చూడండి, ఇప్పుడే నాలుగు లైన్లు రాసేశారు మీరు," అని తెర చూపించింది.

తోటమ్మ తెర మీద తన మాటలను వేలితో తడుముతూ, కూడబలుక్కుని చదువుకుంది. 'అన్నీ బతికాయి' దగ్గర వేలు ఆగింది. తర్వాత కొంగు సర్దుకుని, ఎవరో పెద్దమనిషితో మాట్లాడుతున్నట్టు కంప్యూటరు వైపు తిరిగి, "అయ్యా, వినండి," అని మొదలుపెట్టింది. మొదట బిగుసుకుపోయింది గానీ కాసేపటికి మాట సాగింది. పట్టీ సంగతి అయ్యాక, ఎండాకాలం అంట్లకు నీడ ఎలా పెట్టాలో చెప్పింది. ఆకు వాలితే ఏమిటి, మెలితిరిగితే ఏమిటి చెప్పింది. చెప్పడం రాదన్న మనిషి గంటన్నర చెప్పింది. డ్రైవరు చెప్పులు వదిలేసి గుమ్మంలోనే చతికిలబడి విన్నాడు.

పుస్తకం నూట అరవై పేజీలయింది. ఒక చోట పాత ఫైలు నిజంగానే పాడైపోయి పదకొండు లైన్లు పోయాయి. అక్కడ ఏం ఉండేదో తోటమ్మకు తెలుసు గానీ, ఇద్దరూ మాట్లాడుకుని ఖాళీగానే వదిలేశారు. కంప్యూటరుకు ఇప్పటికీ ప్రింటరు కనబడదు. అందుకని మొత్తం ఒక పుల్లంత పెన్‌డ్రైవులో వేసుకుని డ్రైవరు అచ్చాఫీసుకు తీసుకెళ్ళాడు.

అక్కడి నుంచి ఆయన ఫోను చేశాడు. "అట్ట మీద పేరు ఎవరిది వెయ్యమంటారని అడుగుతున్నారే."

టైపక్క పక్కనున్న తోటమ్మ వైపు చూసింది. తోటమ్మ కాస్త సిగ్గుపడి, "ఆయన పేరు పైన. కింద నాది," అంది.

పేర్లు వేసి పంపడానికి అట్ట పేజీ తెరిచారు. మైకులో చెబితే ఆయన పేరు మొదటిసారే సరిగ్గా పడింది. తోటమ్మ అసలు పేరును మాత్రం కంప్యూటరు మూడుసార్లు మూడు రకాలుగా రాసింది. ఒకసారి ఏదో ఊరి పేరు చేసింది. టైపక్క మైకు ఆపేసింది. కొత్త కీబోర్డు ముందుకు లాక్కుని, కిందికి చూస్తూ, ఒక్కొక్క మీట వెతుక్కుంటూ, ఆ పేరును తన వేళ్ళతోనే టైపు చేసింది. అయిదు అక్షరాలకు రెండు నిమిషాలు పట్టింది.

తోటమ్మ కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని తెర దగ్గరికి వంగింది.

"ఒక దీర్ఘం తగ్గింది టైపమ్మా," అంది.

"ఎక్కడండీ?"

"రెండో అక్షరానికి."

టైపక్క దీర్ఘం మీట ఎక్కడుందో వెతుక్కుంది.